పరిశోధన వ్యాసంలో ఆధారాలు చూపడం: ఏది, ఎక్కడ, ఎలా?

నాగావళి
మాస్టార్లకు, సీనియర్లకు నమస్కారం. ఎంఏ తెలుగు చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రాస్తున్నాను. విషయం ఉత్తరాంధ్ర కథల్లో వ్యవసాయ కూలీల బతుకు. శ్రీకాకుళంలోని కథానిలయం లైబ్రరీలో చూసిన పాత పత్రికల కథలు, కొన్ని కథాసంపుటాలు, పరిశోధన గ్రంథాలు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో దొరికిన సిద్ధాంత గ్రంథాలు, వెబ్ వ్యాసాలు నా సామగ్రి. చివర్లో ఉపయుక్త గ్రంథాల పట్టిక ఇస్తే చాలని కొందరు, పేజీ పేజీకీ అడుగున పాదసూచికలు (ఫుట్‌నోట్లు) ఉండాలని కొందరు అంటున్నారు. సొంత మాటల్లో రాసినదానికి కూడా ఆధారం చూపాలా? ఇతరుల రాతతో పది శాతం వరకూ పోలిక ఉన్నా ఫర్వాలేదన్నది నిజమేనా?

గంటస్తంభం
నాగావళి గారూ, పట్టిక ఒక్కటే చాలదండి. మీరు ఏమేం చదివారో మాత్రమే పట్టికలో తెలుస్తుంది. ఏ మాట ఏ పుస్తకంలో ఏ పేజీ నుంచి వచ్చిందో పాదసూచికలోనే తెలుస్తుంది. మీ 37వ పేజీలో ఒక వాక్యం మీద పరీక్షకుడికి అనుమానం వస్తే ఆయన నలభై పుస్తకాలు తిరగేయలేడు కదా. రెండూ ఉండాలి. పాదసూచికలో వచ్చిన ప్రతి పుస్తకం పట్టికలో కనిపించాలి. పట్టికలో ఉండి లోపల ఎక్కడా ప్రస్తావనకు రాని పుస్తకాన్ని తీసేయాలి. పట్టిక పొడుగు చూసి మార్కులు వేసే రోజులు పోయాయి.

ఆధారం చూపాల్సినవి: ఉన్నదున్నట్టు ఎత్తిన మాటలు, సొంత మాటల్లో చెప్పిన ఇతరుల అభిప్రాయం, అంకెలు, పట్టికలు, పటాలు, ఫొటోలు, మీరు చేసిన అనువాదం. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది, వర్గీకరణ. ఎవరో విమర్శకుడు కూలీల కథల్ని నాలుగు రకాలుగా విడదీస్తే, మీరు ఆ నాలుగింటినే అధ్యాయాలుగా పెట్టుకుంటే, ఒక్క వాక్యం ఎత్తకపోయినా ఆ విభజన ఆయనదని అధ్యాయం మొదట్లోనే చెప్పాలి.

అందరికీ తెలిసిన సంగతికి అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయని రాయడానికి పాదసూచిక వద్దు. విజయనగరం జిల్లా ఏర్పడటం వల్ల ఫలానా తాలూకాలో కూలిరేట్లు మారాయని రాస్తే మాత్రం తప్పనిసరి.

వంశధార
గంటస్తంభం మాస్టారు చెప్పినవన్నీ రాసేటప్పటి జాగ్రత్తలు. అసలు తేడా చదివేటప్పుడే వస్తుంది. నోట్సులో ఎత్తిరాత, సొంత మాట కలిసిపోతే నెల తర్వాత ఏది ఎవరిదో గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. తెలియకుండా జరిగే గ్రంథచౌర్యంలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

ఒక పద్ధతి పెట్టుకోండి. పుస్తకం చేతికి రాగానే ఫోనుతో మూడు ఫొటోలు: ముఖపత్రం, దాని వెనకపేజీ, విషయసూచిక. ముద్రణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ప్రచురణకర్త, ఊరు, ఇవన్నీ వెనకపేజీలోనే ఉంటాయి. లైబ్రరీలో పుస్తకం తిరిగిచ్చేశాక ఆ వివరాల కోసం మళ్లీ బస్సెక్కాల్సి వస్తుంది. నోట్సులో ప్రతి ముక్కకూ ముందు పేజీ నంబరు, ఆ తర్వాతే మాట. ఎత్తిరాసిందైతే కొటేషన్ గుర్తులు, సారాంశమైతే పక్కన ‘సా’, మీకు తట్టిన ఆలోచనైతే చదరపు బ్రాకెట్లు. పేజీ నంబరు లేని నోటు వాడుకోకూడదన్న నియమం పెట్టుకుంటే సగం బాధ తీరిపోతుంది.

కథల_అలమర
కథానిలయం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఆ లైబ్రరీ మొదలుపెట్టారు. పాత పత్రికల్లోని కథలన్నీ ఒకచోట దొరకడం మన జిల్లా విద్యార్థుల అదృష్టం. అక్కడ చూసిన కథకు ఆధారం రాసేటప్పుడు ‘కథానిలయం, శ్రీకాకుళం’ అని వదిలేయకూడదు. లైబ్రరీ మీకు కథ దొరికిన చోటు, కథ అచ్చయిన చోటు పత్రిక. రచయిత, కథ పేరు, పత్రిక పేరు, వారపత్రికైతే తేదీ, మాసపత్రికైతే నెల, సంవత్సరం, పేజీలు రాయాలి. దొరకడం కష్టమైన సంచికైతే చివర ‘ప్రతి: కథానిలయం’ అని చేరిస్తే తర్వాత వచ్చేవాళ్లకు మేలు.

పత్రికలో వచ్చిన పాఠానికీ తర్వాత సంపుటిలో వచ్చిన పాఠానికీ తేడాలుంటాయి. రచయితే దిద్దుకుని ఉండొచ్చు, సంపాదకుడు మాండలికాన్ని సరిచేసి ఉండొచ్చు. మీ విషయం కూలీల భాష కూడా కదా. ‘ఏటి’ అన్నది ‘ఏమిటి’ అయిపోయిన ప్రతిని ఎత్తి చూపి ‘రచయిత శిష్టభాష వాడాడు’ అని తేల్చేస్తే పరిశోధన మొత్తం పక్కదారి పడుతుంది. మీరు ఏ పాఠం చదివారో అదే రాయండి. సంపుటిలో చదివి, గౌరవంగా ఉంటుందని పత్రిక పేరు వేయడం మాత్రం తప్పు. ‘మొదటి ప్రచురణ ఫలానా పత్రిక, ఇక్కడ ఉపయోగించింది ఫలానా సంపుటి, పు. ఇంత’ అంటే సరి.

కోట_వీధి
పాఠభేదాల సంగతికి మన విజయనగరంలోనే పెద్ద ఉదాహరణ ఉంది, గురజాడ నాటకం. కన్యాశుల్కం 1897లో ఒకసారి, బాగా పెంచి తిరగరాసిన రూపంలో 1909లో మరోసారి అచ్చయింది. ఇప్పుడు బజార్లో దొరికే ప్రతుల్లో ఎక్కువ భాగం రెండో కూర్పు పాఠమే. చేతిలో ఆ ప్రతి పెట్టుకుని ‘గురజాడ, 1897’ అని వేస్తే, ఆ మాటలు 1897 నాటివని మీరు సాక్ష్యం చెప్పినట్టే. నాటకంలో భాష ఎలా మారిందన్నది మీ ప్రశ్నైతే ఆ ఒక్క పొరపాటుతో వాదం కూలిపోతుంది.

రాయాల్సింది ఇలా: గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, రెండవ కూర్పు (1909), మీ ప్రతి ప్రచురణకర్త, మీ ప్రతి ముద్రణ సంవత్సరం, పు. ఇంత. దాంతోపాటు అంకం, స్థలం సంఖ్య కూడా ఇవ్వండి. ముద్రణ ముద్రణకూ పేజీలు మారతాయి, అంకం, స్థలం మారవు. వేరే ప్రతి ఉన్నవాళ్లు కూడా ఆ వాక్యం పట్టుకోగలుగుతారు.

గురజాడ 1915లో కాలంచేశారు. మన చట్టంలో కాపీరైట్ రచయిత తదనంతరం 60 ఏళ్లు ఉంటుంది, అది ఎప్పుడో తీరిపోయింది. కాపీరైట్ తీరిన రచనకు ఆధారం అక్కర్లేదనే వాదన తరచూ వినిపిస్తుంది. ఆ రెండింటికీ సంబంధం లేదు. అచ్చేసుకునే హక్కు చట్టం సంగతి, మాట ఎవరిదో చెప్పడం పరిశోధన సంగతి.

నాగావళి
చాలా స్పష్టంగా ఉందండి. సొంత మాటల్లో రాయడం గురించి ఇంకా అనుమానం తీరలేదు. పదాలన్నీ మార్చి, పాదసూచిక పెడితే సరిపోతుందా?

వంశధార
పదాలు మార్చడం వేరు, సొంత మాటల్లో చెప్పడం వేరు. ఉదాహరణ కోసం తప్పెటగుళ్లు అనే మన జానపద నృత్యం మీద రెండు వాక్యాలు ఇక్కడే అల్లుతున్నాను, ఇవి ఏ పుస్తకంలోవీ కావు.

మూలం అనుకుందాం: “తప్పెటగుళ్లలో పాటకంటే అడుగుకే ప్రాధాన్యం. అడుగు మారినప్పుడే కథ మలుపు తిరిగిందని ప్రేక్షకుడికి అర్థమవుతుంది.”

తప్పు పద్ధతి: తప్పెటగుళ్లలో గానంకన్నా అడుగుదే పైచేయి. అడుగు మారిన వేళే కథ మలుపు తీసుకుందని చూసేవారికి తెలుస్తుంది.¹

కింద పాదసూచిక ఉన్నా ఇది తప్పే. వాక్యాల వరుస, కూర్పు, పోలిక అన్నీ మూలానివే. పాట గానమైంది, ప్రేక్షకుడు చూసేవారయ్యాడు, అంతే. పాదసూచిక చూసిన పాఠకుడు ఆలోచన అవతలివాళ్లదనీ వాక్యం మీదనీ అనుకుంటాడు. ఆ వాక్యం మీది కాదు.

సరైన పద్ధతి: తప్పెటగుళ్లలో కథ నడక ప్రేక్షకుడికి అందేది సాహిత్యం ద్వారా కాదు, నృత్యం ద్వారానని ఫలానా రచయిత అభిప్రాయం.¹ అయితే సంభాషణలు ఎక్కువగా ఉండే కథల్లో ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

ఇందులో మూడు సంగతులు గమనించండి. అభిప్రాయం ఎవరిదో వాక్యంలోనే ఉంది. కూర్పు మారింది. రెండో వాక్యంలో మీ గొంతు మొదలైంది, అక్కడ పాదసూచిక లేదు కాబట్టి అది మీదేనని తెలిసిపోతుంది. అలా రాయాలంటే పేరా చదివి, పుస్తకం మూసేసి, ఆ విషయం తోటి విద్యార్థికి చెబుతున్నట్టు రాసి, తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. పుస్తకం తెరిచిపెట్టి రాస్తే దాని వాక్యాలే చేతిలోకి వచ్చేస్తాయి.

ఎచ్చెర్ల_దారి
పది శాతం సంగతి నేను చెబుతాను, దీనిమీద అపోహలు ఎక్కువ.

యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల్లో పోలికను నాలుగు స్థాయిలు చేశారు. 10 శాతం వరకు సున్నా స్థాయి, శిక్ష లేదు. 10 దాటి 40 వరకు మొదటి స్థాయి: ఆరు నెలలు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు రెండో స్థాయి: ఏడాదిపాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే మూడో స్థాయి: రిజిస్ట్రేషన్ రద్దు. పట్టా తీసుకున్న తర్వాత బయటపడినా తప్పించుకోలేరు, కమిటీ సిఫార్సు చేసిన కాలం పట్టాను నిలుపుదలలో పెడతారు.

సున్నా స్థాయి అంటే పది శాతం ఎత్తిరాసుకోవడానికి అనుమతి అనుకోకండి. అవే నిబంధనల్లో సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సూచనలు, ఇవి పరిశోధకుడి సొంతమై ఉండాలని, వీటిలో పోలికే ఉండకూడదని ఉంది. మొత్తం మీద 6 శాతం వచ్చినా ఆ 6 శాతం ముగింపు అధ్యాయంలో ఉంటే చిక్కే. ఇంకోవైపు 18 శాతం వచ్చిందని హడలిపోనక్కర్లేదు. ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథాల పట్టిక, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలో, యాదృచ్ఛికంగా కలిసిన మాటలో వరసగా 14 పదాల వరకు ఉన్నా మినహాయింపే. పోలిక లెక్కించే సాఫ్ట్‌వేర్‌తో రిపోర్టు తీసే ముందు ఉటంకింపుల్ని, గ్రంథసూచిని మినహాయించే సెట్టింగ్ పెట్టారో లేదో అడగండి. ఆ రెండూ పెట్టకపోతే అంకె పెరిగిపోతుంది.

శాతం చూసి సంతోషపడటం మానేసి, రిపోర్టులో రంగు వేసిన ప్రతి వాక్యం తెరిచి చూడాలి. రంగు పడినదానికి ఆధారం ఉందా, కొటేషన్ గుర్తులు ఉన్నాయా, అదొక్కటే ప్రశ్న.

సాగరతీరం
తెలుగు వ్యాసాలకు ఈ సాఫ్ట్‌వేర్ భయం అక్కర్లేదని విన్నాను. తెలుగు సరిగా పట్టుకోదు కదా?

ఎచ్చెర్ల_దారి
పట్టుకోదన్న ధైర్యంతో రాయడం మంచిది కాదు తమ్ముడూ. ఒకటి, యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షర పద్ధతి) తెలుగు వెబ్‌లో పెరిగేకొద్దీ పోలికలు బాగానే దొరుకుతున్నాయి. రెండు, యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలులో యంత్రానికి కనిపించేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళం. అందులో సున్నా శాతం వచ్చిందంటే పరీక్ష జరగలేదని అర్థం. అలాంటి ఫైలు పంపితే వెనక్కి తిప్పి యూనికోడ్‌లోకి మార్చి తెమ్మనొచ్చు. మార్చినప్పుడు ఒత్తులు, సున్నాలు చెదురుతాయి, పేజీ పేజీ దిద్దుకోవాలి. మొదటి అక్షరం నుంచీ యూనికోడ్‌లో టైపు చేయడమే సుఖం.

మూడోది ముఖ్యం. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి మార్చి పెడితే యంత్రం పట్టకపోవచ్చు, ఆ రంగం తెలిసిన పరీక్షకుడు మొదటి పేరాలోనే పడతాడు. అనువాదం చేసినా మూలం చూపాలి, పాదసూచిక చివర ‘అనువాదం పరిశోధకుడిది’ అని చేర్చాలి.

తోటపల్లి_కాలువ
ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రం వాళ్లకు ఇంకో గుంట ఉంది, అంకెలు. 2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం జిల్లా జనాభా 23,44,474. ఈ అంకెలు సరైనవే. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది, పాలకొండ శ్రీకాకుళం నుంచి అందులోకి వెళ్లింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది. 2011 అంకెల పక్కన 2023 జిల్లా అంకెలు పెట్టి ‘తగ్గుదల’ అని రాసిన ప్రాజెక్టులు కనిపిస్తున్నాయి. తగ్గింది జనం కాదు, హద్దు. 1971 శ్రీకాకుళం అంకెల్ని 1981తో పోల్చినా అదే చిక్కు, మధ్యలో 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది.

అంకెల పట్టిక కింద రెండు వరుసలు తప్పకుండా ఉండాలి. మొదటిది ఆధారం: నివేదిక పేరు, సంవత్సరం, పట్టిక సంఖ్య. రెండోది గమనిక: ఏ నాటి హద్దుల ప్రకారమో. మండలాలు కలిపి మీరే లెక్క కట్టి ఉంటే ‘గణన పరిశోధకుడిది’ అని రాయండి. ఆ మాట లేకపోతే, మీ కూడికలో పొరపాటుంటే అది జనగణన శాఖ మీదకు పోతుంది.

సాగరతీరం
శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మీద రాస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు గురించి పత్రికల్లో చాలా అంకెలు ఉన్నాయి. వాటినే ఇవ్వొచ్చా?

తోటపల్లి_కాలువ
పత్రిక రాసిన అంకెకు పత్రిక మూలం కాదు. ‘ఒక అధ్యయనం ప్రకారం’ అని ఉంటే ఆ అధ్యయనం ఏదో వెతకాలి. దొరికాక నాలుగు ప్రశ్నలు: ఏ గ్రామాల్లో చేశారు, ఎంతమందిని పరీక్షించారు, ఏ ఏడాది, జబ్బుకు ఏ కొలమానం పెట్టుకున్నారు. ఒకే ప్రాంతం మీద రెండు అధ్యయనాల శాతాలు వేరుగా ఉండటానికి కారణం చాలాసార్లు కొలమానమే. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పదార్థం) ఒక్కసారి చూసి లెక్కేస్తే ఒక శాతం వస్తుంది, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి నిర్ధారిస్తే ఇంకొకటి.

మూలం ఎంత వెతికినా దొరక్కపోతే నిజాయితీగా రాసే దారి ఉంది: ఫలానా అధ్యయనం, ఫలానా వ్యాసంలో ఉదాహృతం, పు. ఇంత. చివరి గ్రంథాల పట్టికలో మీరు చదివిన వ్యాసమే రావాలి, చూడని అధ్యయనం రాకూడదు. చదవనిదాన్ని చదివినట్టు వేస్తే మధ్యవాళ్లు చేసిన అచ్చుతప్పు కూడా మీ పేరు మీదికి వస్తుంది. పత్రికలో 2013 బదులు 2003 పడితే, ఆ 2003 పదిమంది ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. ఎవరూ మూలం చూడలేదని దాన్నిబట్టే తెలిసిపోతుంది.

కోట_వీధి
శాసనాలకూ ఇదే వర్తిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ముఖలింగం శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అనే శాసనాల గ్రంథమాల ఐదో సంపుటంలో ఉన్నాయి. శాసనానికి పేజీ కంటే శాసన సంఖ్య ముఖ్యం: సంపుటం, శాసన సంఖ్య, కావాలంటే పంక్తి. శక సంవత్సరాన్ని శాసనంలో ఉన్నట్టే రాసి, 78 కలిపి వచ్చిన క్రీస్తుశకాన్ని పక్కన ఇవ్వండి. పుష్యం, మాఘం లాంటి ఏడాది చివరి నెలలైతే 79 కలపాల్సి రావచ్చు, తిథి చూసుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల స్కాన్లకు పైన రాసిన పేరు, సంవత్సరం నమ్మకండి. వివరాలు ఎక్కించినవాళ్ల పొరపాట్లు బోలెడు. స్కాన్ లోపలి ముఖపత్రం చూసి రాసుకోవాలి. పేజీ సంఖ్య కూడా పుస్తకం మీద అచ్చయినదే ఇవ్వాలి. పీడీఎఫ్ చూపించే సంఖ్య అట్టతో కలిపి లెక్కిస్తుంది కాబట్టి పది పదిహేను తేడా వస్తుంది. శోధ్‌గంగ గ్రంథాలు అధ్యాయాలుగా విడివిడి ఫైళ్లలో ఉంటాయి, ప్రతి ఫైలూ ఒకటి నుంచే మొదలవుతుంది. అక్కడ పీడీఎఫ్ సంఖ్య వేస్తే ఎవరికీ ఏమీ దొరకదు.

కథల_అలమర
పేర్ల గురించి ఎవరూ ఎత్తలేదు. ఆధారాలు రాయడానికి ఇంగ్లిష్‌లో వాడే ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతుల్లో ఇంటిపేరు ముందుకు తెచ్చి కామా పెట్టమంటారు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది. ‘కాళీపట్నం రామారావు’ అని ఉన్నదున్నట్టు రాసి ‘క’ కింద పెడితే చాలు, కామా వద్దు. తెలియని సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరనుకుని ‘రామారావు, కాళీపట్నం’ చేసేస్తుంది. అప్పుడు రామారావులు, అప్పారావులు అందరూ ఒకేచోట గుమిగూడతారు. ఆధారాలు అమర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటేరోలో రచయిత గడి పక్కన చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. తెలుగు పేర్లన్నీ ఆ ఒంటి గడిలో ఎక్కించండి.

కలంపేరుతో వచ్చిన పుస్తకానికి ముఖపత్రం మీద ఉన్న పేరే రాయండి. చాసో అని ఉంటే చాసో. పట్టికలో ‘చాగంటి సోమయాజులు: చాసో చూడండి’ అని ఒక వరుస ఇస్తే వెతికేవాళ్లకు సులువు. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒకరే, కానీ ఇద్దరు రచయితలుగా కనిపించే పట్టికలు ఉన్నాయి, అలా కానివ్వకండి.

నాగావళి
పల్లెల్లో కూలీలతో మాట్లాడి రికార్డు చేసినవి కూడా ఉన్నాయి. వాటికి పుస్తకం లేదు కదా, ఎలా చూపాలి?

వంశధార
మనిషి చెప్పిన మాటకూ పుస్తకానికిచ్చే గౌరవమే ఇవ్వాలి. పాదసూచికలో పేరు, వయసు, వృత్తి, ఊరు, మండలం, మాట్లాడిన తేదీ, రికార్డు ఎవరి దగ్గర ఉంది. అనుబంధంలో వక్తల పట్టిక విడిగా పెట్టండి. ఏపీఏ పద్ధతైతే ఇలాంటి ముఖాముఖీలు లోపల మాత్రమే వస్తాయి, చివరి పట్టికలో రావు.

రికార్డు మొదలుపెట్టే ముందు అనుమతి అడగాలి, ఆ అంగీకారం రికార్డులోనే వినపడాలి. పేరు అచ్చులో రావడం ఇష్టమా కాదా అని విడిగా అడగండి. భూస్వామి గురించో కూలిబాకీ గురించో చెప్పినవాళ్ల పేరు వేస్తే వాళ్లకు పని దొరకకుండా పోవచ్చు. అలాంటప్పుడు ‘వక్త 4, స్త్రీ, వ్యవసాయ కూలీ’ అని రాసి, ఊరు బదులు మండలం ఇచ్చి, అసలు వివరాలు గైడుగారికి మాత్రమే చూపించాలి. పాటలు, సామెతలు, సవరల కథలు సేకరించినవాళ్లు మాత్రం వక్తలు వద్దంటే తప్ప పేరు దాచకూడదు. ‘సేకరణ: పరిశోధకుడు’ అని ఒక్కటే వేసి పాడినావిడ పేరు వదిలేయడం మన దగ్గర ఎంతో కాలంగా సాగుతున్న అన్యాయం. సేకరించినందుకు మీ పేరు రావాలి, పాడినందుకు ఆవిడ పేరు ముందు రావాలి.

సాగరతీరం
ఏఐని అడిగితే ఆధారాల పట్టిక నిమిషంలో ఇస్తోంది. వాడుకోవచ్చా?

ఎచ్చెర్ల_దారి
ఆ పట్టికలో లేని పుస్తకాలు కూడా ఉంటాయి. రచయిత నిజం, పత్రిక నిజం, వ్యాసం మాత్రం ఎవరూ రాయనిది. చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, అదే ప్రమాదం. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తే డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెట్టి చూడండి, అదే వ్యాసం తెరుచుకోవాలి. వేరే వ్యాసం తెరుచుకున్నా, ఏమీ రాకపోయినా తీసి పారేయండి. తెలుగు పుస్తకాలకు సాధారణంగా డీఓఐ ఉండదు కాబట్టి పేరును కొటేషన్లలో పెట్టి వెతకాలి, లైబ్రరీ కేటలాగు చూడాలి. పుస్తకమో వ్యాసమో చేతికి వచ్చి, ఆ పేజీ కళ్లతో చూశాకే పాదసూచిక. భాష దిద్దుకోవడానికి ఏఐ వాడితే మీ విభాగం నియమం ఏమిటో గైడుగారిని అడిగి, ఎక్కడ ఎంతవరకు వాడారో ముందుమాటలో రాయండి.

గంటస్తంభం
నాగావళి గారూ, పాదసూచికల యాంత్రికం కొంచెం. వర్డ్‌లో ఆల్ట్, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే పాదసూచిక దానంతటదే అంకెతో వస్తుంది. అంకెలు చేత్తో టైపు చేయకండి, మధ్యలో ఒకటి చేరిస్తే కిందవన్నీ తప్పుతాయి.

మన సిద్ధాంత గ్రంథాల్లో ‘పైదే’ (పై పాదసూచికలోని పుస్తకమే), ‘పూర్వోక్తం’ (ముందు చెప్పిన పుస్తకమే) అని రాసే అలవాటు ఉంది. చిత్తుప్రతిలో వాటిని అసలు వాడొద్దు. 12వ పాదసూచిక కథాసంపుటికి, 13వది ‘పైదే, పు. 40’ అనుకోండి. గైడుగారు మధ్యలో ఒక పేరా చేర్చమంటే కొత్త పాదసూచిక వచ్చి ఆ ‘పైదే’ ఇంకో పుస్తకానికి అతుక్కుంటుంది. అంకె మారుతుంది, ‘పైదే’ మారదు. ప్రతిచోటా రచయిత, పొట్టి పేరు, పేజీ రాస్తూ పోండి. విభాగం ‘పైదే’ కావాలంటే ఆఖరి ప్రతిలో, ఇక మార్పులు లేవనుకున్నాక మార్చండి.

జొటేరో వాడితే ఇంకో జాగ్రత్త. ముగ్గురు రచయితలున్నచోట తెలుగు వ్యాసంలో కూడా ‘et al.’ లాంటి ఇంగ్లిష్ మాటలు వచ్చి పడతాయి. వాటిని ‘తదితరులు’ అని చేత్తో మారిస్తే తర్వాత రిఫ్రెష్ చేసినప్పుడు మళ్లీ పాతవే వస్తాయి. ఆఖరి ప్రతికి నకలు తీసి, ఆ నకలులో అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి, అప్పుడు దిద్దండి. అసలు ఫైలు లింకులతోనే ఉంచండి, వైవా (మౌఖిక పరీక్ష) తర్వాత మార్పులు అడిగితే కావాలి.

నాగావళి
ఆఖరి సరిచూపు ఎలా చేయాలో కూడా చెబుతారా మాస్టారూ? బైండింగుకు వారం ఉంది.

గంటస్తంభం
రెండు రోజులు దీనికే ఉంచుకోండి. మొదటి రోజు పాదసూచికలు ఒక్కొక్కటీ తీసుకుని పట్టికలో ఆ పుస్తకం ఉందో లేదో టిక్కు పెట్టండి. పేరు, సంవత్సరం రెండుచోట్లా ఒకేలా ఉండాలి. రెండో రోజు కొటేషన్ గుర్తుల్లో ఉన్న ప్రతి వాక్యాన్ని నోట్సుతో కాదు, పేజీ ఫొటోతో అక్షరం అక్షరం పోల్చండి. మధ్యలో మాటలు వదిలేసిన చోట మూడు చుక్కలు, మీరు చేర్చిన మాటకు చదరపు బ్రాకెట్లు ఉన్నాయా చూడండి. మాండలికం ఉన్న వాక్యాల్ని ఇంకొకరు బయటికి చదువుతుంటే మీరు ఫొటోలో చూసుకోండి. టైపు చేసే వేళ్లు ‘సేసినాడు’ను తెలియకుండానే ‘చేశాడు’గా మార్చేస్తాయి, వర్డ్ స్పెల్‌చెక్ కూడా ఆ పనే చేయబోతుంది. దాన్ని ముందే ఆపేయండి.